కట్టేది ఫోనే... చదవాల్సింది మనమే!

కరెంటు బిల్లు బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే వెళ్ళిపోయే రోజులివి. గడువు తేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, క్యూలో నిలబడనక్కర్లేదు. ఆ సౌకర్యాన్ని వాడుకోండి. దానికి ముందు మాత్రం బిల్లులో ఏముందో తెలుసుకోండి.

మీటరు రీడరు వస్తాడు. చేతిలోని యంత్రంతో రీడింగ్ తీస్తాడు. జానెడు కాగితం చించి ఇచ్చి పక్కింటికి వెళ్తాడు. ఆ కాగితం మీద పాతిక దాకా అంకెలుంటాయి. ఎక్కువ ఇళ్ళలో చూసేది వాటిలో రెండే: ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి. ఆటోపే వచ్చాక ఆ రెండూ చూడని ఇళ్ళు కూడా పెరుగుతున్నాయి. డబ్బు వెళ్ళిపోయిందని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, అక్కడితో సరి.

అప్పుడు నష్టపోయేది మనమే. తప్పు రీడింగ్ వచ్చినా, డిపాజిట్ పేరుతో అదనపు మొత్తం కలిసినా, ఒక్క యూనిట్ తేడాతో పై స్లాబులోకి వెళ్ళినా చదివితేనే తెలుస్తుంది. కట్టే పనిని ఫోన్‌కు అప్పగించవచ్చు. చదివే పనిని అప్పగించకూడదు.

యూనిట్ ఎలా పుడుతుంది?

వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. రెండు వేల వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్. సుమారు 1,500 వాట్లు తీసుకునే ఏసీ, కంప్రెసర్ ఆగకుండా గంట నడిస్తే ఒకటిన్నర యూనిట్. ఏసీ, గీజరు అనగానే అందరూ జాగ్రత్తపడతారు. ఎవరూ పట్టించుకోనిది తలమీద తిరిగే ఫ్యాను.

పాతరకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. బీఎల్‌డీసీ మోటారున్న ఫ్యానుకు సుమారు 30 వాట్లు చాలు. అదే వాడకానికి నెలకు 14 యూనిట్ల పైచిలుకు. అంటే ఒక్కో ఫ్యాను మీద 21 యూనిట్లకు పైగా మిగులుతుంది. ఈ మిగులు రూపాయల్లో ఎంతన్నది మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు, ఏ స్లాబులో ఉన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అసలు కథ మొదలయ్యేది అక్కడే.

ఒక్క యూనిట్... రెండు వందల రూపాయలు

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఇళ్ళు మూడు తరగతులు. నెలకు వంద యూనిట్లు దాటనివి, వంద దాటి రెండు వందల దాకా వాడేవి, రెండు వందలు దాటినవి. మొదటి తరగతిలో తొలి 50 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10. రెండో తరగతిలో తొలి వందకు రూ.3.40, తర్వాతి వందకు రూ.4.80. మూడో తరగతిలోకి వెళ్తే మొదటి రెండు వందల యూనిట్లకూ రూ.5.10 చొప్పున పడుతుంది. ఆపైన 300 దాకా రూ.7.70, 400 దాకా రూ.9, 800 దాకా రూ.9.50, అది కూడా దాటితే రూ.10.

సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ఖరీదు రూ.820. 201 వాడిన ఇంటికి రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ధర రూ.207.70 అన్నమాట! గీత దాటగానే పై యూనిట్‌కే కాదు, అప్పటిదాకా వాడిన ప్రతి యూనిట్‌కూ రేటు మారిపోతుంది. వంద దగ్గర కూడా ఇదే తీరు. 100 యూనిట్లకు రూ.252.50, 101కి రూ.344.80.

2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం ఈ గీతకు ఇంకా బరువు పెంచింది. అర్హత ఉన్న ఇళ్ళకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. దాటితే బిల్లు మొత్తం కట్టాలి. ఆ ఇళ్ళలో 201వ యూనిట్ విలువ వెయ్యి రూపాయల పైమాటే.

ఇప్పుడు ఫ్యాన్ల లెక్క మళ్ళీ చూడండి. గృహజ్యోతి లేని ఇంట్లో నెలకు 230 యూనిట్లు వాడుతుంటే కరెంటు ఖరీదు రూ.1,251. రెండు పాత ఫ్యాన్లు మారిస్తే వాడకం 187కు దిగుతుంది, ఖరీదు సుమారు రూ.758 అవుతుంది. నెలకు దాదాపు రూ.490 మిగులు. గీతకు దగ్గరగా ఉన్న ఇంటికి చిన్న మార్పు పెద్ద ఫలితం ఇస్తుంది. గీతకు దూరంగా ఉన్న ఇంటికి అంత ఇవ్వదు. మీ ఇల్లు ఎక్కడుందో చెప్పేది మీ బిల్లే.

ఆంధ్రప్రదేశ్‌లో తీరు వేరు. అక్కడ కూడా ఒకప్పుడు ఏ, బీ, సీ గ్రూపులుండేవి. 2022 ఏప్రిల్ నుంచి వాటిని తీసేసి అందరికీ ఒకే మెట్ల వరస పెట్టారు. తొలి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఎన్ని యూనిట్లు వాడినా తొలి ముప్ఫైకి తక్కువ రేటే పడుతుంది. 225 యూనిట్లకు రూ.1,017 అయితే, 226వ యూనిట్‌కు కలిసేది రూ.8.75 మాత్రమే. గీత దాటితే ఉలికిపడాల్సిన పని లేదు కానీ, పైమెట్లు బాగా ఎత్తుగా ఉన్నాయి. ఎండాకాలంలో ఏసీ నడిచే ఇంట్లో ఆ రూ.8.75 మెట్టే బిల్లును పెంచేది.

రేట్లను రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ళు ఏటా సమీక్షిస్తాయి. మీ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) వెబ్‌సైట్‌లో తాజా పట్టిక ఉంటుంది. ఏడాదికోసారి దాన్ని చూసి, మీ బిల్లుతో పోల్చుకోండి.

తేదీలు, వాటాలు

బిల్లులో పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ పక్కపక్కనే ఉంటాయి. రెండింటి మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. రోజుకు ఆరున్నర యూనిట్లు వాడే ఇంటికి 30 రోజులకు 195 యూనిట్లు వస్తాయి. ఒక్కరోజు ఆలస్యంగా రీడింగ్ తీస్తే 201 దాటుతుంది. వాడకం మారలేదు, తేదీ మారిందంతే. రోజులు పెరిగినప్పుడు స్లాబు హద్దును కూడా ఆ మేరకు పెంచి లెక్కించారా అని సెక్షన్ ఆఫీసులో అడగడం మీ హక్కు.

ఇంకో విషయం వాటాల ఇళ్ళది. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు ఉండి, చెరో 150 యూనిట్లు వాడాయనుకుందాం. తెలంగాణలో వేర్వేరు మీటర్లుంటే ఒక్కో ఇంటికి రూ.580, రెండింటికీ కలిపి రూ.1,160. ఒకే మీటరైతే 300 యూనిట్లకు రూ.1,790. ఆంధ్రప్రదేశ్‌లో వేర్వేరుగా రూ.1,134, కలిపితే రూ.1,673.25. నెలకు ఐదారు వందల తేడా. ఆ భారాన్ని చాలాచోట్ల అద్దెకున్నవాళ్ళే మోస్తున్నారు. వాటా చూడటానికి వెళ్ళినప్పుడు నీళ్ళ సంగతి అడిగినట్టే, విడి మీటరుందా అని కూడా అడగాలి.

యూనిట్లు కాక ఇంకేముంటాయి?

కరెంటు ఖరీదు కింద ఇంకా కొన్ని పద్దులు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఎందుకో తెలిస్తే బిల్లు మీద అనుమానం సగం పోతుంది. మిగతా సగం అడగాల్సిన ప్రశ్నగా మారుతుంది.

ఫిక్స్‌డ్ ఛార్జీలు: మీరు తీసుకున్న లోడును బట్టి, ఎక్కువ ఇళ్ళకు కిలోవాట్‌కు నెలకు రూ.10. ఊరెళ్ళి ఇల్లు తాళం పెట్టినా ఇది తప్పదు. లోడు కంటే ఎక్కువ వాడితే మీటరులో గరిష్ఠ డిమాండ్ నమోదవుతుంది. అదనపు లోడు కట్టమని నోటీసు రావచ్చు. కొత్త ఏసీ కొన్నప్పుడు లోడు ఎంతుందో ముందే చూసుకోవడం మంచిది.

కస్టమర్ ఛార్జీలు: మీటరు రీడింగ్, బిల్లింగ్ సేవలకు. స్లాబును బట్టి మారతాయి.

విద్యుత్ సుంకం: ఇళ్ళకు యూనిట్‌కు 6 పైసలు. ఇది ప్రభుత్వానికి చేరుతుంది.

సర్దుబాటు ఛార్జీ: ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువమంది ప్రశ్నించే పద్దు ఇదే. బొగ్గు, కొనుగోలు కరెంటు ధరలు అంచనా కంటే పెరిగితే ఆ తేడాను డిస్కంలు తర్వాత వసూలు చేస్తాయి. కేంద్రం 2022 డిసెంబరులో తెచ్చిన నిబంధనలతో 2023 నుంచి ఇది నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా పడటం మొదలైంది. ఎప్పుడో రెండు నెలల కిందట వాడిన కరెంటు తాలూకు సర్దుబాటు ఈ నెల బిల్లులో కనిపిస్తుంది. అందుకే వాడకం తగ్గించిన నెలలో కూడా బిల్లు అనుకున్నంత తగ్గదు.

ఏసీడీ: అదనపు వినియోగ డిపాజిట్. రెండు నెలల సగటు బిల్లుకు సమానమైన మొత్తం డిస్కం దగ్గర డిపాజిట్‌గా ఉండాలన్నది నియమం. వాడకం పెరిగితే డిపాజిట్ కూడా పెంచమంటారు. సగటు బిల్లు వెయ్యి రూపాయలైతే డిపాజిట్ రెండు వేలు. ఇది మన డబ్బు. దీనికి వడ్డీ ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఆ వడ్డీని బిల్లులో సర్దుబాటు చేస్తారు. ఏడాదికోసారి ఆ పద్దు కనిపించిందో లేదో చూడండి.

క్యూ నుంచి ఆటోపే దాకా

బిల్లు కట్టడానికి పూట పనిమానుకున్న తరం మన ఇళ్ళలోనే ఉంది. 2001లో హైదరాబాద్‌లో మొదలైన ఈ-సేవ కేంద్రాలు ఆ కష్టాన్ని తగ్గించాయి. తర్వాత ఆన్‌లైన్ చెల్లింపులు, భారత్ బిల్ పే, యూపీఐ వచ్చాయి. 2024 జులైలో ఫోన్ యాప్‌ల ద్వారా కరెంటు బిల్లులు కట్టడం కొన్నాళ్ళు ఆగిపోయింది. బిల్లు చెల్లింపులన్నీ భారత్ బిల్ పే వేదిక మీదుగానే సాగాలని రిజర్వ్ బ్యాంకు చెప్పడం దానికి కారణం. మన డిస్కంలు ఆ వేదికలో చేరాక చెల్లింపులు మళ్ళీ మొదలయ్యాయి.

ఇప్పుడు బ్యాంకు యాప్‌లోనో, యూపీఐ యాప్‌లోనో కరెంటు సర్వీసు నంబరు నమోదు చేసి, ప్రతినెలా బిల్లు రాగానే కట్టేయమని అనుమతి ఇవ్వవచ్చు. దాన్నే మ్యాండేట్ అంటున్నాం. యూపీఐలో ఈ సదుపాయం 2020 జులైలో వచ్చింది. కార్డులు, యూపీఐ ద్వారా జరిగే ఆటోపేకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమాలు మనకు రక్షణ:

- మ్యాండేట్ మొదలుపెట్టేటప్పుడు పిన్‌తోనో ఓటీపీతోనో మీ అనుమతి తప్పనిసరి.
- డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఎంత, ఎవరికి అని మీకు మెసేజ్ రావాలి. ఆ చెల్లింపును గానీ మొత్తం మ్యాండేట్‌ను గానీ అప్పుడే ఆపేయవచ్చు.
- నెలనెలా మారే బిల్లుకు గరిష్ఠ పరిమితి మీరే పెట్టుకోవచ్చు.
- కరెంటు బిల్లు వంటి వాటికి రూ.15,000 దాటితే మళ్ళీ మీ అనుమతి అడగాల్సిందే.

ఆ 24 గంటల మెసేజే అసలైన సదుపాయం. బిల్లు కాగితం చేతికి వచ్చిన రోజునే చదివి ఉంటే, ఆ మెసేజ్ రాగానే అవునో కాదో చెప్పగలరు. చదవకపోతే ఆ మెసేజ్ వచ్చినా రాకపోయినా ఒకటే.

మ్యాండేట్ పెట్టే ముందు

గరిష్ఠ పరిమితిని ఈ నెల బిల్లు చూసి పెట్టకండి. నిరుడు మే నెల బిల్లు తీసి చూడండి. దానికి కొంత కలిపి పరిమితి పెట్టండి. మరీ తక్కువ పెడితే ఎండాకాలంలో చెల్లింపు ఆగిపోయి, గడువు దాటి అపరాధ రుసుము పడుతుంది. మరీ ఎక్కువ పెడితే తప్పుడు బిల్లు కూడా నిశ్శబ్దంగా వెళ్ళిపోతుంది.

ఖాతాలో డబ్బు లేక చెల్లింపు వెనక్కి వస్తే బ్యాంకు ఛార్జీ వేయవచ్చు. జీతం పడే తేదీకీ, బిల్లు గడువుకూ మధ్య పొంతన చూసుకోండి. ఆటోపే ఉందని మరిచి చేత్తో కూడా కడితే రెండుసార్లు వెళ్తుంది. అలా అయితే తర్వాతి బిల్లులో ఆ మొత్తం జమ అయిందో లేదో చూడాలి.

అద్దెకున్నవాళ్ళకు ముఖ్యమైన మాట: ఇల్లు ఖాళీ చేసే రోజున తాళాలతోపాటు మ్యాండేట్ సంగతి కూడా చూసుకోండి. అది రద్దు కాకపోతే తర్వాత వచ్చే వాళ్ళ కరెంటుకు కూడా మీ ఖాతాలోంచే డబ్బు వెళ్తుంది.

పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, ఊళ్ళో అమ్మానాన్నల బిల్లు ఆటోపేలో పెట్టిన ఇళ్ళు మనకు చాలా ఉన్నాయి. వాళ్ళ ప్రేమ మంచిదే. కాకపోతే బిల్లు ఒక చోట, డబ్బు మరో చోట ఉండటంతో చదివేవాళ్ళే లేకుండా పోతున్నారు. నెలకోసారి బిల్లును, మీటరును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని నాన్నగారిని అడగండి. "ఈ నెల ఎన్ని యూనిట్లు నాన్నా?" అన్న ప్రశ్న యోగక్షేమాల్లో భాగం కావాలి. మామూలుగా వంద యూనిట్లు వచ్చే ఇంట్లో మూడు వందలు వచ్చాయంటే మోటారో, ఫ్రిజ్జో, వైరింగో ఏదో పాడైందన్నమాట. అది డబ్బు సమస్య కంటే ముందు భద్రత సమస్య.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఇది మరోలా ఎదురవుతుంది. అక్కడ డైరెక్ట్ డెబిట్‌తో కట్టే ఇళ్ళలో చాలావాటికి ఏడాది వాడకాన్ని అంచనా వేసి, పన్నెండు నెలలకు సమానంగా పంచి తీసుకుంటారు. వేసవిలో ఖాతాలో మిగులు పేరుకుంటుంది, చలికాలం హీటర్లకు అది ఖర్చవుతుంది. రీడింగ్ పంపకపోతే అంచనాయే నిజమై కూర్చుంటుంది. పొరపాటున డబ్బు తీసుకుంటే వెంటనే పూర్తిగా వెనక్కి ఇచ్చే హామీ అక్కడి బ్యాంకులది. హామీ ఎంత గట్టిదైనా, పొరపాటును పట్టుకోవాల్సింది ఖాతాదారే.

"ఈ రాత్రి 9.30కి కరెంటు కట్"

ఈ మెసేజ్ 2022 నుంచి దేశమంతటా ఎందరి ఖాతాలనో ఖాళీ చేసింది. పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదని, ఫలానా అధికారికి వెంటనే ఫోన్ చేయమని ఉంటుంది. చేస్తే ఒక యాప్ దింపుకోమంటారు. ఫోన్ వాళ్ళ చేతికి వెళ్తుంది.

దీనికి విరుగుడు చట్టంలోనే ఉంది. విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బకాయి ఉన్నా సరే, 15 పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయకూడదు. ఈ రాత్రికే కట్ అన్నారంటే అది మోసమే. బిల్లు మీద గడువు తేదీ చదివిన ఇల్లాలికి ఆ మెసేజ్ చూసి భయం వేయదు. ఇప్పటికే డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

తేడా వస్తే ఏం చేయాలి?

ముందు మీటరు దగ్గరికి వెళ్ళి, అందులోని అంకెను బిల్లులోని కొత్త రీడింగ్‌తో పోల్చండి. మీటరులో ఉన్నది బిల్లులో ఉన్నదానికంటే తక్కువైతే రీడింగ్ తప్పు. ఫొటో తీసి పెట్టుకోండి. ఇంటికి తాళం ఉండి రీడింగ్ తీయలేకపోతే అంచనా బిల్లు ఇస్తారు. 2020 విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించి అలాంటి బిల్లులు ఇవ్వకూడదు. మీటరు ఫొటో తేదీతో సహా మీరే పంపే వీలు కూడా ఆ నిబంధనల్లో ఉంది.

మీటరే తప్పుగా తిరుగుతోందని అనుమానమా? ఫిర్యాదు చేసిన ఐదు రోజుల్లో పక్కన మరో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చాలని 2024లో చేసిన సవరణ చెబుతోంది.

ఫిర్యాదుకు 1912 నంబరు ఉంది. అక్కడ తేలకపోతే డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. వివాదం నడుస్తుండగా కరెంటు తీసేస్తారన్న భయం అక్కర్లేదు. అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కట్టండి. వివాదం తేలేదాకా కరెంటు తీయరాదని అదే 56వ సెక్షన్ చెబుతోంది.

ప్రతి నెలా ఐదు నిమిషాలు

1. రెండు రీడింగ్‌ల తేదీలు, మధ్య రోజులు.
2. కొత్త రీడింగ్ మీటరుతో సరిపోయిందా?
3. యూనిట్లు నిరుడు ఇదే నెలతో పోలిస్తే ఎలా ఉన్నాయి?
4. బకాయి, ఏసీడీ, సర్దుబాటు పద్దుల్లో కొత్తది ఏమైనా ఉందా?
5. గడువు తేదీ, ఆటోపే తేదీ పొసుగుతున్నాయా?

ఈ ఐదూ చూశాక ఆటోపేను హాయిగా నమ్ముకోవచ్చు.

మరొక్క మాట. ఈ బిల్లులోని యూనిట్ రేట్లు బహిరంగ విచారణ జరిగాకే ఖరారవుతాయి. డిస్కంలు తమ ఖర్చుల లెక్కను నియంత్రణ మండలి ముందు పెడతాయి. అభ్యంతరాలు చెప్పే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది. కరెంటు ఛార్జీల పెంపుపై 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళనపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఇక్కడ కరెంటు రేటు ఎప్పుడూ ప్రజల విషయమే. ఇప్పుడు ఆ విచారణల్లో మాట్లాడుతున్నది ఎక్కువగా పరిశ్రమలు, రైతు సంఘాలు, కొద్దిమంది నిపుణులు. మధ్యతరగతి ఇంటి గొంతు అక్కడ తక్కువగా వినిపిస్తోంది. తన బిల్లును పన్నెండు నెలలు చదివిన ఏ గృహిణి అయినా, ఏ రిటైర్డ్ ఉద్యోగి అయినా ఆ విచారణకు వెళ్ళి "201వ యూనిట్‌కు రెండు వందల రూపాయలు ఎందుకు?" అని అడగగలరు. వచ్చే విచారణకు ఆ ప్రశ్న మీ ఇంటి నుంచే వెళ్ళాలి.